దేవుని బల్ల మీద క్లారినెట్

వేలంలో గుమ్మడికాయ రెండు రూపాయల దగ్గర ఆగిపోయింది. "రెండుంబావు అనుండ్రి ఎవరన్న, దేవుని కాయ, ఇసుంటి కాయ మొజంజాహీ మార్కెట్ల ఎన్నడన్న చూసిన్రా" అంటూ రాజయ్య దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని షామియానా కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు. మగవాళ్ళ వైపు నవ్వులు లేస్తున్నాయి. బెత్సీ ఆ కాయను చూడటం లేదు. దాన్ని తీశాక బల్ల మీద ఏర్పడిన ఖాళీలోంచి కనబడుతున్న నల్ల తోలుపెట్టెను చూస్తోంది. పెట్టెకు ఒక పక్క నిమ్మకాయల గంప, ఇంకో పక్క కాళ్ళు కట్టేసిన కోళ్ళు. కోళ్ళ తర్వాత అదే. రాజయ్య పెట్టె చేతికి తీసుకుంటాడు, దేవకుమార్ ఐదు రూపాయలంటాడు, ఎవరూ ఎదురు చెప్పరు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, అంతే, క్లారినెట్ మళ్ళీ తమదవుతుంది. మొగుడి నోట్లోంచి ఒక్క మాట రావాలి. ఆమె రవికెలో, చెమటకు మెత్తబడ్డ చేతిరుమాల్లో నలభై హాలీ రూపాయలున్నాయి, చెవుల కమ్మలు కరిగి రూపాయలైనవి. ఐదు పోతే మిగిలినవి కిరాయికి, బియ్యానికి. ఈ లెక్క నిన్న పొయ్యి ముందు కూర్చున్నప్పుడు బాగుంది, పొద్దున నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచొస్తున్నప్పుడు ఇంకా బాగుంది. పాస్టరు అయ్యగారి ప్రసంగం అయ్యాకే, కూర్చున్న జంపఖానాను కిందినుంచి ఎవరో లాగుతున్నట్టు అనిపిస్తోంది.

ఎవరూ ఎదురు చెప్పరు. ఇది కోత పండుగ. ఎవరి ఇంట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుని బల్ల మీద పెట్టాలి, ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు, డబ్బు గుడికి పోతుంది. ఎవరు తెచ్చిన వస్తువుకు వాళ్ళే ధర చెబితే మిగతావాళ్ళు నోరు మెదపరు. ఎక్కడా రాసి లేదు, ఎవరూ నేర్పరు, అయినా మెదక్‌లో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. వానలు లేని ఏడాది బెత్సీ తల్లి పెట్టడానికి ఇంకేమీ లేక గుడ్లు పెట్టే కోడిని తెచ్చి బల్ల మీద పెట్టింది. వడ్ల బస్తాలు తెచ్చిన రైతులున్నారు, మిషన్ దవాఖాన కంపౌండరున్నాడు, అందరూ ఆ కోడిని చూసి చూపులు పక్కకు తిప్పుకున్నారు. తల్లి లేచి నిలబడి అర్ధ రూపాయి అంది. కోడి కొంగు కింద ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం దానికి ఒక పిడికెడు నూకలు ఎక్కువ పడ్డాయి, ఇప్పుడది దేవుడు తిరిగిచ్చిన కోడి అని. బెత్సీకి అది గుర్తొచ్చింది. అప్పిచ్చిన రామచందర్ వచ్చి గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నప్పుడు, ఆ మాటల వెనక నుంచి, కొంగు కింద ముడుచుకున్న కోడి గుర్తొచ్చింది.

రామచందర్ మంచిగానే మాట్లాడాడు. నాంపల్లిలో బట్టల దుకాణం, ఎప్పుడూ గొంతు పెంచడు, కూతురు ఫ్లోరాకు పిప్పరమెంటు కూడా తెస్తాడు. "నేనేం జులుం చేస్తలేనమ్మా" అన్నాడు. "మూడు వందలిస్తి. రెండేండ్లాయె. వడ్డీ గూడ రాకపాయె. మీ ఇంట్ల ఏమున్నదని తీస్కపోవాలె చెప్పు. గా బాజా ఒక్కటే ఉన్నది. ఆబిడ్స్‌ల ఒకాయన కొంటనంటున్నడు. ఐతారం పగటి అన్నాలైనంక మనిషిని తోల్కొని వస్త." గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, "రోజు తుడుస్తనే ఉంటడట గద మీ ఆయన, ఇంకా మంచి ధర వస్తది" అని నవ్వాడు. అది ఎగతాళో కాదో బెత్సీకి తెలియలేదు. తుడుస్తాడన్నది మాత్రం నిజం. పొద్దున్నే టీ కంటే ముందు పెట్టె తెరుస్తాడు, ఒక్కొక్క ముక్క విప్పుతాడు, పాత సిల్కు గుడ్డతో లోపల తుడుస్తాడు, వెండి మీటలను బొటనవేలితో రుద్దుతాడు, మళ్ళీ పేర్చి పెట్టె మూస్తాడు. ఊదడు. పక్క గదుల వాళ్ళకు ఇబ్బంది అంటాడు.

పదకొండేళ్ళు అదే క్లారినెట్ ఊదాడు నిజాం ఫౌజు బ్యాండులో. అప్పుడది అతనిది కాదు, సర్కారుది. ఎర్ర కోటు, ఇస్త్రీ మడత, మీటల మీద ఎండ మెరుస్తుంటే పరేడు మైదానంలో నడిచేవాడు. పెళ్ళైన కొత్తలో బెత్సీని కూడా తీసుకుపోయాడు చూడటానికి, ఆమె తాడు ఇవతల జనంలో నిలబడి వందమందిలో అతన్ని వెతుక్కుంది, దొరికాక ఇక వేరెవరినీ చూడలేదు. పోలీసు యాక్షన్ అయింది. ఫౌజు ఉంటుందన్నారు, కలుపుకుంటారన్నారు, పేర్లు రాసుకున్నారు, చివరికి బ్యాండు ఎత్తేశారు. డోళ్ళు, బాకాలు, క్లారినెట్లు అన్నీ వరసగా పెట్టి హర్రాజ్ వేశారు. ఆ రోజు దేవకుమార్ ఇంటికి పెట్టె పట్టుకుని వచ్చాడు. రామచందర్ దగ్గర మూడు వందలు తెచ్చి కొన్నానన్నాడు. ఇంట్లో పప్పు లేదు, ఇతను మూడు వందల బాజా కొన్నాడు. ఆమె ఒక్క మాట అనలేదు. అనాల్సింది. అప్పుడతని ముఖం చూస్తే ఎవరూ అనలేరు. తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికి తెచ్చుకున్నవాడి ముఖం అది.

"మూడున్నర, ఇగో ఇచ్చేస్తున్న, పో నీ గుమ్మడికాయ పట్కపో" అన్నాడు రాజయ్య ఎవరితోనో. నిమ్మకాయలు వచ్చాయి. పక్కనున్న రాహేలమ్మ బెత్సీ మోకాలి మీద తట్టింది. "నీ పెనిమిటి అసుంటోడు ఉండాలె బిడ్డా. మా ఆయనైతే చిరిగిన గొడుగు గూడ దేవునికియ్యడు, అడ్డా మీద అమ్మి చాయ్ తాగుతడు." చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. బెత్సీ కూడా నవ్వింది, పెదాలు కదిలాయి కాబట్టి నవ్వే అయుంటుంది. రాహేలమ్మ గొంతు తగ్గించి, మగవాళ్ళ వైపు ముందు కుర్చీలో కూర్చున్న తెల్ల కోటు పెద్దమనిషిని చూపించింది. "గాయననే హెర్బర్ట్ దొర. గుంటూరు దిక్కు నుంచి వచ్చిండు, లక్డీకాపూల్ దఫ్తర్ల పెద్ద నౌకరీ, బషీర్‌బాగ్‌ల బంగళా. హాలీ అంటే ఎర్కనే లేదట, అంత కల్దారే." నిజాం రూపాయి హాలీ, ఇండియా రూపాయి కల్దార్, ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. కొత్తగా వచ్చినవాళ్ళంతా కల్దార్లలోనే మాట్లాడతారు. హెర్బర్ట్ ఒళ్ళో టోపీ పెట్టుకుని, నిమ్మకాయల గంపను కూడా ప్రార్థన విన్నంత శ్రద్ధగా చూస్తున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఇతను కోత పండుగ చూడటం ఇదే మొదలా? ఉండనీ. ఐదు రూపాయల మాట రాగానే చుట్టూ ఉన్న మౌనం చూసి అతనికీ తెలిసిపోతుంది.

గట్టయ్య గుర్తొచ్చాడు. నాంపల్లి సరాయి పక్క సందులో గట్టయ్య పెళ్ళి బ్యాండు, గోడ నిండా మేకులకు వేలాడే ఇత్తడి బాకాలు, బయట అరుగు మీద ఎండకు ఆరేసిన జరీ కోట్లు. నెల రోజులు తిరిగింది ఆ అరుగు చుట్టూ. "అక్కా, ఫౌజుల నౌకరీ చేసినోడు నా తాన నిలుస్తడా" అన్నాడు గట్టయ్య బీడీ ఆర్పుతూ. "గీడ గుర్రం ముందల నడవాలె, తాగినోళ్ళు నోట్ల నోటు పెట్టుకొని ఎగురుతరు, గదే పాట ఇంకోసారి కొట్టుమంటరు. కొడ్తడా?" కొడతాడంది ఆమె. "సొంత కిలారినెట్ ఉండాలె మరి. నా తాన లేదు. ఉంటే లగ్గానికి పది రూపాలిస్త, తిండి పెడ్త. వచ్చే వారం సంది లగ్గాలు మొదలైతున్నయి. ఆయన వస్తడంటే ఇంకొకర్ని పెట్టుకోను." వస్తాడంది. మాట ఇచ్చేసింది. ఇంటికొచ్చి దేవకుమార్‌కు చెప్పింది. ఇదివరకు ఒకసారి అడిగితే, సోల్జర్ పెండ్లి బాజా వాయిస్తడా అని కంచం ముందునుంచి లేచిపోయినవాడు, ఈసారి లేవలేదు. ఎర్ర కోటేనా వాళ్ళది కూడా, అని మాత్రం అడిగాడు. ఎర్రదే, జరీ కూడా ఉంటుందంది. ఆ జరీ మాట అనకుండా ఉండాల్సింది.

నిన్న సాయంత్రం పొయ్యి ముందు ఆలోచన చెప్పింది. రేపు కోత పండుగ. పొద్దున పెట్టె తీసుకుపోయి దేవుని బల్ల మీద పెడదాం. వేలంలో ఐదు రూపాయలకు మళ్ళీ మనమే తీసుకుని, అటునుంచి అటే సికింద్రాబాదులో మా తమ్ముడి ఇంట్లో పెడదాం. రామచందర్ వస్తే, బాజా దేవునికిచ్చినం అందాం. అది అబద్ధం కాదు. నాలుగు పెళ్ళిళ్ళు వాయిస్తే వడ్డీ చేతికిచ్చి కాళ్ళు పట్టుకోవచ్చు. దేవకుమార్ అబద్ధం ఆడలేడు, అదే చిక్కు. దాచిపెట్టి లేదనమంటే అతని చెవులు ఎర్రబడతాయి, ఎదుటివాడికి చోటు కూడా తెలిసిపోతుంది.

"మళ్ళ తెచ్చుకున్నరా అని అడిగితే?"

"ఎందుకడుగుతడు? ఆయనకు మన పండుగ సంగతి ఏమెర్క?"

"దేవుని తోటి ఆటలాడుడు గాదా బెత్సీ ఇది?"

"ఐదు రూపాలు ఇస్తున్నం గద దేవునికి. మా అమ్మ అర్ధ రూపాయే ఇచ్చింది."

అతను పొయ్యిలో కట్టెను ముందుకు తోశాడు. సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నాడేమిటని ఆమెకు అప్పుడే అనిపించాల్సింది. పొద్దున ఉతికిన చొక్కా వేసుకున్నాడు, పెట్టెను ఫ్లోరా పట్టుకుంటానంటే ఇవ్వలేదు. స్టేషన్ రోడ్డంతా ఎడమ చేత్తో ఛాతీకి ఆనించుకుని నడిచాడు, రిక్షావాళ్ళు బేరమాడితే జవాబివ్వలేదు, ఇరానీ హోటల్ ముందు తెలిసినవాడు పలకరిస్తే తల ఊపి ముందుకు పోయాడు. గుడి ఆవరణలోకి వెళ్ళి గుమ్మడికాయ వెనక జాగ్రత్తగా పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఒక క్షణం. ఫౌజులో నిలబడ్డట్టు.

అది అయ్యగారు చూశారు.

ప్రసంగం మధ్యలో ఆయన ఆగి, కళ్ళద్దాలు తీసి, బల్ల వైపు చెయ్యి చాపారు. గింజలున్నవారు గింజలు తెచ్చారు, కోళ్ళున్నవారు కోళ్ళు తెచ్చారు, మనకు మిగిలిన దానిలోంచి మనం తెచ్చాం, కాని ఒక సహోదరుడు తన బతుకునే తెచ్చి ఇక్కడ పెట్టాడు అన్నారు. ఫౌజు పోయింది, కొలువు పోయింది, చేతిలో మిగిలిన ఒక్క వాయిద్యం, అది కూడా నాది కాదు ప్రభువా అన్నాడు, ఇంటికి పోయి మీరేం దాచుకున్నారో చూసుకోండి అన్నారు. ఆడవాళ్ళ వైపు కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్ళాయి. హెర్బర్ట్ రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. ఫ్లోరా గుసగుసగా "అమ్మా, మళ్ళ మనమే తీస్కుంటం గద?" అంది. బెత్సీ దాని నోటి మీద చెయ్యి పెట్టింది, చాలా గట్టిగా పెట్టిందేమో, పిల్ల కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు చూసి ముందు వరసలో ఎవరో, చూడుండ్రి బిడ్డ గూడ ఏడుస్తున్నది అన్నారు. మగవాళ్ళ వైపు దేవకుమార్ తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గుతో వంచుకున్నాడనుకుంది. చెవులు ఎర్రబడి ఉంటాయనుకుంది. అంత దూరం నుంచి చెవులు కనబడలేదు.

ఇంత పొగిడించుకున్నాక ఐదు రూపాయలకు ఎట్లా తీసుకుంటాడు? తీసుకోవాలి. నవ్వితే నవ్వుతారు. తల్లి నిలబడలేదా అర్ధ రూపాయితో? ఐదు కాకపోతే పది అనొచ్చు, పదిహేను అనొచ్చు, ఎక్కువిచ్చి తీసుకుంటే అదీ దేవునికే కదా, మర్యాద కూడా నిలుస్తుంది. నిన్ననే అనుకున్నారు ఇద్దరూ, ధర సంగతి తేడా వస్తే అతను ఆమె వైపు చూడాలని, ఇవ్వగలిగితే ఆమె కొంగు తలమీదికి లాక్కోవాలని. నిమ్మకాయలు పోయాయి. కోళ్ళలో మొదటిది పోయింది, రెండోది రాజయ్య చేతిలో అరిచి గింజుకుని షామియానా గుంజ దాకా ఎగిరింది, పిల్లలు వెంటపడ్డారు, ఎవరో దాని ధర దానికే తెలుసు అన్నారు, నవ్వులు. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. ఇంకాసేపట్లో రామచందర్ అన్నం తిని చెయ్యి కడుక్కుంటాడు. మూడో కోడి. నాలుగోది రాహేలమ్మ తెచ్చిందే, రూపాయికి ఆమే అంది, ఎవరూ ఎదురు చెప్పలేదు. హెర్బర్ట్ అది చూశాడా? పక్కవాడితో ఏదో మాట్లాడుతున్నాడు. చూడలేదు.

రాజయ్య పంచెకు చేతులు తుడుచుకుని పెట్టె తీశాడు. మూత తెరిచి జనానికి చూపించాడు. నీలం మఖమలు మీద నల్లటి ముక్కలు, వెండి మీటలు. గొంతు మామూలుగా అయింది. "ఇగ ఇది మన దేవకుమార్‌ది" అన్నాడు. ఆ 'ది'లోనే అంతా చెప్పాడు రాజయ్య, పాతమనిషి, కోత పండుగలు ముప్పై చూసినవాడు. "ఐదు రూపాలు నేనే అంటున్న, షురూ చేసెతందుకు." దేవకుమార్ వైపు చూసి ఆగాడు. అందరూ ఆగారు. ఇదే ఆ మౌనం, మెదక్‌లో తల్లి చుట్టూ కమ్ముకున్న మౌనం. ఇంతమంది మనుషులు నోరు కట్టేసుకుని ఒక్కడి కోసం దారి వదిలి నిలబడ్డారు. బెత్సీ కొంగు తలమీదికి లాక్కుంది. అతను చూడలేదు. కొంగు జార్చి మళ్ళీ లాక్కుంది. చూడు. ఒక్కసారి ఇటు చూడు. ఆరు అను. అతను తన అరచేతులు చూసుకుంటున్నాడు. "దేవకుమార్" అన్నాడు రాజయ్య మెల్లగా. "ఏమంటవు?" దేవకుమార్ తలెత్తి, రాజయ్యను చూసి, తల అడ్డంగా ఊపాడు.

మౌనం ఇప్పుడు వేరేదైపోయింది. ఎటు పోవాలో తెలియని మౌనం. అందులో కుర్చీ కిర్రుమంది. హెర్బర్ట్ లేచి నిలబడ్డాడు. "అదేమిటండీ, ఆయనంత త్యాగం చేస్తే మనమిట్లా ఊరుకుంటే ఎట్లాగండీ" అన్నాడు, గొంతులో నిజమైన బాధ ఉంది. "ముప్పై ఐదు అనండి నా పేరున. అంతకంటే తక్కువ చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది."

రాజయ్య అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. ఎవరైనా చెబుతారా ఆయనకు, పక్కకు పిలిచి, సార్ ఇది మా ఆచారం అని? చెప్పరు. త్యాగం అన్నాక ఎవరు చెబుతారు? "ముప్పై ఐదు, ఒకటోసారి" అన్నాడు రాజయ్య, ఆ మాటను ఎంత సాగదీయవచ్చో అంత సాగదీసి. బెత్సీ లేచింది. లేస్తానని ఆమెకు తెలియదు, కాళ్ళు లేచాయి. రాహేలమ్మ చెయ్యి ఆమె మోకాలి మీదినుంచి జారిపోయింది. కిరాయి పోనీ, బియ్యం పోనీ, అరుగు మీద పడుకుందాం, గట్టయ్య మొదటి రాత్రి పది రూపాయలిస్తాడు, తర్వాత ఇంకో పది, చెట్టు కిందైనా బతకొచ్చు చేతిలో ఆ పెట్టె ఉంటే. "నలభై" అంది.

అన్ని తలలూ తిరిగాయి. ఇచ్చినదాన్ని లాక్కుంటున్న ఆడదాన్ని చూశాయి. చూడనీ. రాజయ్య ముఖం ఒక్క క్షణం వెలిగింది, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు ఆరిపోయింది. అతను రెండడుగులు దగ్గరికి వచ్చి, సాధ్యమైనంత నెమ్మదిగా అడిగాడు. "హాలీనా అమ్మా, కల్దారా?"

"హాలీ."

"సారు చెప్పింది కల్దారమ్మా." రాజయ్య ఆమె కళ్ళలోకి చూడకుండా అన్నాడు. "హాలీల నలభై ఒకటికి జర తక్కువ. నువ్వు చెప్పింది దానికన్న తక్కువైతది."

నలభై ఒకటికి కొంచెం తక్కువ. ఆమె దగ్గర నలభై ఉన్నాయి. కంసాలి కమ్మలను తూచి, ఇంకో రూపాయి వెయ్యమంటే, రాళ్ళున్నయమ్మా అని వెయ్యలేదు. నోరు తెరిచి నలభై రెండు అంటే? ఎక్కడినుంచి తేవాలి, ఇప్పుడే బల్ల దగ్గర చెల్లించాలి. రాహేలమ్మ వైపు చూసింది. ఆ ముసలామె కోడిని ఒళ్ళో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. రూపాయి ఉందా అవ్వా, ఒక్క రూపాయి, రెండు, అని అడగటానికి బెత్సీ వంగుతుండగానే హెర్బర్ట్ చేతులు జోడించాడు. "అమ్మా, మీరు మళ్ళీ ఇవ్వాలా? ఒకసారి ఇచ్చింది చాలదా? మీరు కూర్చోండమ్మా. వంద రాసుకోండి రాజయ్య గారూ. కల్దారే. ఆ వాయిద్యం నాకెందుకండీ, నాకు ఊదటం రాదు. గుడికే ఇచ్చేస్తున్నాను. ఇక్కడే ఉంటుంది. ప్రతి ఆదివారం దేవకుమార్ గారే ఆరాధనలో వాయిస్తారు. ఇంకెవరి చేతిలోకీ పోదు."

చప్పట్లు. పిల్లలు కూడా కొట్టారు. కోళ్ళు బెదిరాయి. ఫ్లోరా తల్లి ముఖం చూసి చప్పట్ల కోసం ఎత్తిన చేతులు దించుకుంది. బెత్సీ కూర్చుంది. రాహేలమ్మ ఆమె వీపు నిమురుతూ, "ఎంత పుణ్యాత్ముడమ్మా, మీ సొమ్ము మీ గుడిలనే ఉన్నది" అంటోంది. ఇంకెవరి చేతిలోకీ పోదు. గుడి బీరువాకు తాళం, ఆ తాళంచెవి రాజయ్య మొలలో. పెళ్ళిళ్ళకు ఇవ్వరు, తాగినవాళ్ళ మధ్య, గుర్రం ముందు గుడి వాయిద్యం ఎట్లా ఊదుతారు? దొంగిలించినా బాగుండేది, వెతకొచ్చు. రామచందర్ పట్టుకుపోయినా అప్పన్నా తీరేది. ఇప్పుడు అప్పు అప్పులాగే ఉంది, బాజా లేదు, దాన్ని ఇప్పించమని అడగటానికి మనిషి కూడా లేడు. అందరూ ప్రేమతోనే చేశారు. అయ్యగారు ప్రేమతో పొగిడారు, హెర్బర్ట్ ప్రేమతో కొన్నాడు, ఈ ముసలామె ప్రేమతో వీపు నిమురుతోంది.

అయ్యగారు అడిగారు, ఒక కీర్తన వాయించమని. దేవకుమార్ లేచి వచ్చాడు. వీపు నిటారుగా ఉంది. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఒకదానికొకటి బిగించాడు, మూతి దగ్గరి రెల్లు ముక్కను నాలుకతో తడిపాడు, నిలబడి ఊదాడు. రెండేళ్ళ నుంచి ఇంట్లో ఊదని మనిషి. మొదటి స్వరం కొంచెం వణికింది, ఆ తర్వాత వణకలేదు. షామియానా గుడ్డ కింద అది నిండింది, గోడ దాటి రోడ్డు మీదికి పోయింది, గేటు దగ్గర రిక్షావాళ్ళు దిగి నిలబడ్డారు. బెత్సీ వినాలనుకోలేదు. చెవులు విన్నాయి. ఎంత బాగా ఊదుతున్నాడు. పరేడు మైదానంలో కూడా ఇంత బాగా ఊదలేదు, అప్పుడు వందమందిలో ఒకడు, ఇప్పుడు ఒక్కడే. కళ్ళు తెరిచే ఊదుతున్నాడు, ముందున్న జనాన్ని చూస్తూ, బుగ్గల మీద రంగొచ్చింది. ఆ రంగు చూసి బెత్సీకి అర్థమైంది. ఇతను సిగ్గుపడి నోరు మూసుకోలేదు. భయపడి మూసుకోలేదు. అయ్యగారు చెప్పిన ఆ మనిషి, బతుకును తెచ్చి బల్ల మీద పెట్టిన మనిషి, తనేనని నమ్మాడు. జరీ కోటు వేసుకోనవసరం లేని మనిషి. పొద్దున బల్ల ముందు నిటారుగా నిలబడినప్పుడే వదిలేశాడేమో. లేక పొయ్యి ముందు సరే అన్నప్పుడే. ఆమె కొంగు లాక్కుంటున్నంతసేపూ అతను చూడలేదనుకుంది. చూసే ఉంటాడు.

గేటు దగ్గర మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అతనికి చెయ్యి కలిపారు. హెర్బర్ట్ రెండు చేతులతో పట్టుకున్నాడు. వందనాలు, వందనాలు. రోడ్డు మీదికి వచ్చాక కూడా దేవకుమార్ నడక తగ్గలేదు, ఖాళీ చేతులు పక్కల ఊగుతున్నాయి, ఫ్లోరా పరుగెత్తాల్సి వచ్చింది.

"విన్నవా బెత్సీ? ఇంత కాలం ఊదకపోయినా దమ్ము పోలే."

"ఔ. విన్న."

"పై స్వరం జర పలచగ వచ్చింది. వచ్చే ఐతారం వరకు సాఫ్ అయితది."

నాంపల్లి మలుపు వచ్చింది. ఇంటి గుమ్మంలో ఇప్పటికి రామచందర్ కూర్చునే ఉంటాడు, పక్కన బాజా కొనటానికి వచ్చిన మనిషి, చేతిలో పిల్లకు పిప్పరమెంటు. బెత్సీ ఆగి ఫ్లోరా చెయ్యి అతని చేతికిచ్చింది. రవికెలో నలభై రూపాయలు అట్లాగే ఉన్నాయి.

"నువ్వు ఏడికి?"

"గట్టయ్య తానికి. ఇంకొకర్ని చూసుకొమ్మని చెప్పొస్త."

అతని ముఖం వైపే చూస్తూ చెప్పింది, ఆ పేరు వింటే ఏమైనా కదులుతుందేమోనని. దేవకుమార్ నుదురు చిట్లించాడు, మంచి మనిషి, నిజంగానే ఆలోచించాడు.

"ఔ, చెప్పు. పాపం, ఉత్తగనే మన కోసం కాసుకొని కూసుంటడు" అన్నాడు. అని, కూతురి చెయ్యి ఊపుకుంటూ ఇంటి వైపు నడిచాడు.